మరకల మీద ఐదు పేజీలు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ చల్లనీళ్ళక్క అంటారు. నెత్తుటి మరకున్న దుప్పటిని ఎవరైనా వేడినీళ్ళ మెషీన్లో వేయబోతే, గది ఆ చివర నుంచి "చల్లనీళ్ళు" అని కేకేస్తుంది. వేడి తగిలితే నెత్తురు గుడ్డను పట్టుకుని ఇక వదలదు. ఇరవై రెండేళ్ళు ఆ పని చేశాక మోకాళ్ళు ఆమె మాట వినడం మానేశాయి.

పై అంతస్తులో గుడ్డల స్టోరు ఉంది. అందులో ఒక కంప్యూటరు, దాని ముందు ఒక కుర్చీ. అక్కడ కూర్చునే పెద్దాయన రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ కావాలంటే ఆసుపత్రివాళ్ళు పెట్టిన మూడు నెలల కంప్యూటరు క్లాసు పాసవ్వాలి. ఆఖర్న సొంతంగా ఐదు పేజీల వెబ్‌సైటు చేసి సూపరింటెండెంటుకి చూపించాలి. విషయం ఎవరిష్టం వాళ్ళది.

ఎవరిష్టం వాళ్ళది అనేసరికి మనుషులు తమకేది ఇష్టమో మర్చిపోయి, పరువుగా కనిపించేదేదో వెతుక్కుంటారు. పదకొండు మందిలో నలుగురు పర్యావరణం ఎంచుకున్నారు, ముగ్గురు అమ్మ ప్రేమ. స్కూల్లో పాఠాలు చెప్పే ఆడపడుచు ఈమెకు సహనం అంటగట్టింది. ఈమె నిజంగానే గులాబీల బొమ్మలతో సహా మూడు పేజీలు చేసుకొచ్చింది. కూతురి ఈడుది కంప్యూటరు మేడం. మొదటి వాక్యానికి అర్థమేమిటని అడిగింది. ఈమెకు తెలియదు, ఎక్కడినుంచో దించింది. సూపరింటెండెంటుగారూ ఇలాగే అడుగుతారని మేడం మెల్లగా చెప్పింది. గడువు నాలుగు రోజులు.

మర్నాడు ఆమె క్లాసుకి అరగంట ఆలస్యంగా వచ్చింది. మేడం కారణం అడిగింది. కింద కొత్తవాళ్ళు ఆపరేషన్ గది దుప్పట్లకు బ్లీచింగ్ పెట్టారట. తెల్లగా వేసిన గుడ్డలు గోధుమరంగు మచ్చలతో బయటికొచ్చాయి. ఆపరేషన్‌కి ముందు ఒంటికి పూసే ఒక మందు గుడ్డ మీద కనపడదు, బ్లీచింగ్ తగిలితేనే పైకి తేలుతుంది. ఏ మందో, ఏ వార్డు గుడ్డలకు అంటుతుందో, బ్లీచింగ్ బదులు ఏది వాడాలో ఆమె ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది.

"ఇదే రాయండి" అంది మేడం.

"మురికి గుడ్డల గురించా?"

"మీకు తెలిసిన దాని గురించి."

ఇంట్లో ఆడపడుచు మూతి ముడిచింది. "పదిమంది చూసేదాంట్లో మరకలేంటి వదినా?"

"ఆ పదిమందివేగా" అని ఈమె పనిలో పడింది.

నెత్తురు, అయోడిన్, ఆయింట్‌మెంటు జిడ్డు, సిరా, గోధుమ మచ్చ. ఒక్కోదానికి ఒక్కో పేజీ. సూపరింటెండెంటు ఐదూ చదివి ప్రశ్నలు వేశాడు. ఏ ప్రశ్నకీ ఆమె తడుముకోలేదు. ఆయన కళ్ళజోడు తీసి, క్లాసు పాసయ్యావమ్మా అన్నాడు. ఆ వెంటనే, ఇంత తెలిసిన మనిషిని లాండ్రీ నుంచి ఎలా తీసేస్తాను, కుర్చీకి ఇంకొకరిని చూసుకుంటానులే అన్నాడు.

తెలిసినదే రాయమని బోధించేవాళ్ళు ఈ ముక్క మాత్రం చెప్పరు. పనితనం బయటపడ్డవాణ్ణి ఆ పనికే కట్టేస్తారు. సహనమే ఉంచేసినా పోయేదని ఆ క్షణంలో ఆమెకూ అనిపించిందట. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"నాకు తెలిసిందంతా అందులో ఉందండీ, ఒక్కటీ దాచుకోలేదు. ఆ పేజీలను కింద పెట్టించండి, వాటికి మోకాళ్ళు లేవు. నన్ను పైన కూర్చోబెట్టండి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. వారం రోజులు చూద్దామన్నాడు. లాండ్రీ గోడకు ఆ పేజీలు కనిపించే కంప్యూటరు తెర బిగించారు, ఆమె స్టోరులో కూర్చుంది. ఆ వారంలో కింద నుంచి పదకొండు ఫోన్లు వచ్చాయి. వాటిలో తొమ్మిదింటికి జవాబు తెర మీదే ఉంది, చదువుకోండి అని పెట్టేసింది. మిగతా రెండింటి జవాబూ అక్కడ లేదు. వాటికోసం ఇంకో రెండు పేజీలు రాసింది. సోమవారం ఆయన ఆమె బదిలీ కాగితం మీద సంతకం పెట్టాడు.

కిందివాళ్ళు మాత్రం, పైకెళ్ళాక అక్కకి పొగరొచ్చింది, ఫోన్ చేస్తే విసుక్కుంటోంది అని చెప్పుకుంటున్నారు. విసుక్కుంటున్న మాట నిజమే.