ప్రెసిడెంటు గడప ముందు వడియాలు

పై ఇంటి పెద్దమ్మ పోయిన వార్త మా అపార్ట్‌మెంట్‌లో అందరి ఫోన్లకూ ఒకేసారి వచ్చింది. పంపినవాడు కమిటీ ప్రెసిడెంటు. "పై అంతస్తు ముసలమ్మ చనిపోయింది. వచ్చే చుట్టాలు బండ్లు గేటు బయటే పెట్టాలి." అంతే. అయ్యో అన్న మాటైనా లేదు. అది చదివినప్పటి నుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆమె నాకు చుట్టం కాదు. కమఠాణ అనే పల్లెలో ఏళ్ల తరబడి పొలం పని చేసి, మోకాళ్లు పట్టేశాక ఇక్కడ నౌబాద్‌లో, మా బిల్డింగ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చింది. బిల్డింగంతా పెద్దమ్మ అనే పిలిచేవాళ్లం. మెట్ల మీద ఎవరు ఎదురుపడినా ఆపేది. "తిన్నవా బిడ్డా? మొఖం గట్ల గుంజుకపోయిందేంది?" అనేది. జవాబు చెప్పేదాకా చెయ్యి వదిలేది కాదు.

ఇక మా ప్రెసిడెంటు. పిల్లలు కింద ఆడితే కేకలు, గుమ్మం బయట చెప్పులుంటే కేకలు, ఇంటికి చుట్టాలొస్తే ఆరాలు. మేమందరం లోపల పళ్లు నూరుకుని, ఎదురుపడితే "నమస్తే సాబ్" అనేవాళ్లం. ఒక ఎండాకాలం ఆయన మేడ మీదికి పోయే తలుపుకు తాళం వేశాడు. ఆడవాళ్లు మిరపకాయలూ వడియాలూ ఎండబెట్టి బిల్డింగ్ పరువు తీస్తున్నారట!

పెద్దమ్మ వెళ్లి అడిగింది. "ఏం సాబ్, ఎండ గూడ నీ కమిటీదేనా?"

"రూలంటే రూలే పెద్దమ్మా. అందరికీ ఒకటే."

ఆమె ఇంటికి వెళ్లి సగ్గుబియ్యం నానబెట్టింది. మర్నాడు పొద్దున్నే సగ్గుబియ్యం జావ కాచి, ప్రెసిడెంటు గడప ముందు తడి ధోతి పరిచి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వడియాలు పెట్టింది. ఆఫీసుకు బయల్దేరిన ఆయన తలుపు తీసి ఆగిపోయాడు. ఎంత పెత్తందారైనా, అన్నం మెతుకు కాలికి తగిలితే తీసి కళ్లకద్దుకునే మనిషి. తినేదాన్ని దాటలేడు.

"ఏంది పెద్దమ్మా ఇది? నేనెట్ల పోవాలె?"

"నేనేమన్న ఆపిన్నా సాబ్? దాటి పో."

బూట్లేసుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి ఆయన భార్యే లోపలి నుంచి తాళంచెవి తెచ్చి పెద్దమ్మకు ఇచ్చింది. ఆ వడియాలు ఎండాక పెద్దమ్మ మొదటి డబ్బా వాళ్లింటికే పంపింది. ఎందుకని నేను గొణిగితే, "కొట్లాట తాళంతోని బిడ్డా, మనిషితోని కాదు" అంది. నాకంత మంచితనం లేదు. ఇప్పటికీ రాలేదు.

ఆమె పోయిన రోజు పొద్దున కూడా మేడ మీద వడియాలు పెడుతూ, గుండెలో పట్టేసినట్టుందని కిందికి వచ్చి కూర్చుంది. కొడుకు ఆటో తెచ్చేలోపే అయిపోయింది. ఆమెను సాగనంపి వచ్చేసరికి మేడకు మళ్లీ తాళం!

"అడిగేటామె పోయింది గద, ఇగ ఎవరికి అవసరం?" అన్నాడు ప్రెసిడెంటు. పైగా కింద సంతాప సభ పెట్టి, ఆమె గురించి తానే మాట్లాడతాడట. ఏ నోటితో మాట్లాడతాడో మీరే చెప్పండి.

ఆ సభ దాకా నేను ఆగలేదు. మర్నాడు పొద్దున జావ కాచి, ఆయన గడప ముందు గుడ్డ పరిచి వడియాలు పెట్టాను. ఆయన తలుపు తీశాడు, కిందికి చూశాడు, ఆగిపోయాడు.

"తాళం తీస్తరా సాబ్, దాటి పోతరా?" అన్నాను.

వెనక నుంచి ఆయన భార్య తాళంచెవితో వచ్చింది. గుడ్డ ఒక అంచు మడిచి దారి చేసుకుని, నాకంటే ముందు తానే మేడ ఎక్కి తలుపు తీసింది. జావ గిన్నె పట్టుకుని నేను వెనకే వెళ్లాను.

నాలుగు మూలలా రాళ్లు పెట్టిన పెద్దమ్మ ధోతి అలాగే ఉంది. సగం దాకా వడియాలు ఎండి గలగలమంటున్నాయి. మిగతా సగం ఖాళీ. ఆమె లేచి వెళ్లిన చోట గరిటె పడి ఉంది. ప్రెసిడెంటు భార్య కళ్లు తుడుచుకుని, ఆ ఖాళీ మీద నీళ్లు చిలకరించింది. నా చేతిలో మిగిలిన జావ గిన్నె అందుకుని, ఆ గరిటెతోనే పెద్దమ్మ ఆపిన వరుస నుంచి వడియాలు పెట్టడం మొదలుపెట్టింది.