వస్తానన్న మాట

క్రిస్పులో అనే పెద్దాయన ఇరవయ్యేళ్లు అమెరికా నేవీలో చేసిన యుద్ధమంతా వడ్డనే. ఆ రోజుల్లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లకి ఓడ మీద దక్కిన పని ఆఫీసర్లకి వండి వడ్డించడం. వియత్నాం తీరాన ఫిరంగులు మోగుతున్నా ఆయన చేతిలో సూపు తొణికేది కాదు. అందరూ తిన్నాక తను వంటగది మూల నిలబడి తినేవాడు. మెడల్ ఇచ్చిన మహానుభావులకి ఒక కుర్చీ ఇవ్వాలని తోచలేదు.

ఇప్పుడు డెబ్భైతొమ్మిదేళ్లు. చాండ్లర్ అనే అమెరికా ఊళ్లో, తన ఇంట్లో కుర్చీలకేం కొదవ లేదు. భార్య పోయాక ఎదురుగా కూర్చునే మనిషే లేదు. ఆయన ఇంకా నిలబడే తింటున్నాడు.

మాజీ సైనికుల్ని తలుచుకునే వెటరన్స్ డే నాడు పక్కింటి రేణు పులిహోర డబ్బా తెచ్చింది. “లంచ్ తిన్నారా అంకుల్?” అంది. ఆయన పుట్టిన ఊళ్లోనూ పలకరింపు అదే. ఈ దేశంలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆయన డబ్బాని రెండు చేతులా అందుకున్నాడు. గుమ్మం దిగుతూ రేణు, “ఐ విల్ కమ్, అంకుల్” అంది.

వెళ్లేటప్పుడు ‘వెళ్తాను’ అనకూడదని మనకి తెలుసు. ఆయనకెలా తెలుస్తుంది? నేవీలో వస్తానంటే రావడమే.

సాయంత్రం మాంసం వేయకుండా నూడుల్స్ వండాడు. ఓడ మీద వడ్డించేనాటి తెల్లకోటు ఇస్త్రీ చేసి తొడుక్కున్నాడు. ఆరింటికల్లా రెండు పళ్లాలు పెట్టాడు. మూడుసార్లు వేడి చేశాడు. ఎనిమిదింటికి నిలబడి నాలుగు ముద్దలు తిని, పళ్లాలు కడిగేశాడు. ఏడుపొచ్చింది.

మర్నాడు డబ్బా తిరిగిస్తూ, “నిన్న ఆరింటికి వండి పెట్టాను, రాలేదేమ్మా?” అన్నాడు.

రేణుకి అర్థం కావడానికి కాస్త పట్టింది. “అయ్యో అంకుల్, మేం వెళ్లేటప్పుడు అలాగే అంటాం. బై చెప్పినట్టు.”

“ఓహో” అన్నాడాయన. తల దించుకున్నాడు.

ఆ సాయంత్రం ఆరింటికి రేణు వచ్చింది. ఆయన చేతిమీద తువ్వాలు వేసుకుని నిలబడితే, గరిటె లాక్కుంది. “మీరు కూర్చోండి అంకుల్. ఇవాళ వడ్డన నాది.”

కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు. రెండోసారి వడ్డిస్తుంటే వద్దనలేకపోయాడు.

వెళ్లేటప్పుడు రేణు అదే మాట అనబోయి నాలుక కరుచుకుని నిలబడిపోయింది.

“ఆ మాట అనమ్మా. అర్థం తెలిసిందిగా, ఫరవాలేదు.”

“ఐ విల్ కమ్, అంకుల్.”

మర్నాడు ఆరింటికి ఆయన రెండు పళ్లాలు పెట్టాడు. రాదని తెలుసు. అయినా కూర్చునే తిన్నాడు.