అమావాస్య నాటి గొంతు

ఆళ్లగడ్డలో శిల్పుల వీధి నెలకొక్కసారే నోరు మూస్తుంది. అమావాస్య నాడు ఉలి ముట్టకూడదన్నది వాళ్ళ తాతల నాటి కట్టుబాటు. తక్కిన రోజుల్లో పొద్దున మొదలైన గ్రైండర్ల రొద పొద్దు గూకేదాకా ఆగదు. పక్కపక్కన కూర్చున్నవాళ్ళు సైతం సైగలతో సరిపెట్టుకోవాల్సిందే. అందుకని నంద్యాలలో పెళ్ళి వీడియోలు తీసే ఎజ్రా, కొత్త క్యాలెండరు గోడకు తగిలించగానే ముందుగా అమావాస్యలు ఎప్పుడొచ్చాయో చూసుకునేవాడు.

"ఆదివారాలు మర్సిపోతావ్ గానీ అమావాస్యలు మర్సిపోవు. పాస్టరయ్య చూస్తే ఏమనుకుంటాడ్రా?" అని వాళ్ళమ్మ దెప్పేది.

ఎజ్రా నవ్వి ఊరుకునేవాడు. ఆ రోజు మైకూ రికార్డరూ సంచీలో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కేవాడు. అక్కడ రాతిలో దేవుళ్ళను చెక్కే జగన్నాథం ఆచారి తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, షెడ్డులో సగం చెక్కిన విగ్రహాల నడుమ అతని కోసం కూర్చుని ఉండేవాడు. మనిషి భూమిని వదిలి పైకి పోయిన చరిత్రను వాళ్ళిద్దరూ తెలుగులో చిన్న చిన్న డాక్యుమెంటరీలుగా చేసి ఇంటర్నెట్లో పెట్టేవాళ్ళు. రాతా బొమ్మా ఎజ్రావి, గొంతు జగన్నాథానిది. చేయమని వాళ్ళను ఎవరూ అడగలేదు.

ఈ పని మొదలైంది మూఢంలో. పెళ్ళిళ్ళు లేని ఆ రోజుల్లో ఎజ్రా కెమెరా ఊరికే పడి ఉండేది. అతనికి చిన్నప్పటి నుంచీ రాకెట్ల పిచ్చి. కేరళలో సముద్రం ఒడ్డునున్న చర్చిని రాకెట్ల పనికి ఇచ్చేశారనీ, రాకెట్టు ముక్కను సైకిలు మీద పెట్టి తోసుకుపోయారనీ ఎక్కడో చదివి, ఆ సంగతి కనిపించిన ప్రతివాడికీ చెప్పి విసిగించేవాడు. ఇంగ్లీషు అంతంత మాత్రం. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ మళ్ళీ మళ్ళీ చదివి, అర్థమైనంత వరకే రాసుకునేవాడు. మొదటి సినిమాకు ఆ రాసుకున్నది తనే చదివాడు. తిరిగి వింటే అంతరిక్షంలోకి పోయిన కుక్క కథ కాస్తా పెళ్ళి పత్రిక చదివినట్టుంది.

ఆ ఏడే అహోబిలం తిరునాళ్ళలో వీడియో తీస్తుంటే, తప్పిపోయిన పిల్లల సంగతి మైకులో చెబుతున్న ఒక గొంతు వినిపించింది. "పచ్చ గౌను పాప, పేరు కీర్తి. మీ నాయన పేరేందమ్మా అంటే 'నాయన' అంటాంది. ఆ నాయన యాడున్నా బేగా రావాల. పాప ఏడ్సడం ల్యా, మా బొరుగులన్నీ తినేస్తాంది." జనం గొల్లుమన్నారు. ఎజ్రా మాత్రం ఆ గొంతు ఎంత దూరం పోతోందో, ఎంత దూరం పోయినా ఎలా చెదరకుండా ఉందో వింటూ నిలబడిపోయాడు. ఆ సాయంత్రమే మైకు దగ్గరికి వెతుక్కుంటూ వెళ్ళాడు.

"అన్నా, నీ గొంతు నాకు కావాల."

"తీస్కపో అప్పా. ఇంట్లో మా ఆడామె గుడక వద్దంటాంది" అన్నాడు జగన్నాథం.

ఆ ఆడామె పేరు సులోచన. ఎజ్రా మొదటిసారి షెడ్డుకు పోయినప్పుడు టీ ఇస్తూ, "ఇంత వయసొచ్చి చందమామ కతలు చెప్పుకుంటాండారా ఇద్దరూ" అంది. అన్నదే గానీ రికార్డింగు జరిగినంత సేపూ గడపలో కూర్చుని, వీధిలోంచి వచ్చే పిల్లల్నీ కోళ్ళనీ అదిలించింది. ఆ తర్వాత ఏ అమావాస్యా ఆ గడప ఖాళీగా లేదు.

జగన్నాథం గొంతుతో ఆగలేదు. సినిమాల్లో చూపించడానికి నల్లరాతిలో బొమ్మలు కూడా చెక్కి ఇచ్చేవాడు. మొట్టమొదటి ఉపగ్రహం అంటూ ఒక నున్నటి గుండు చెక్కి, దానికి నాలుగు ఇనుప కడ్డీలు గుచ్చాడు. పక్క షెడ్డాయన వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏ దేవుడప్పా ఇది?"

"రష్యా దేవుడు."

"పూజ ఎట్ల చేస్తారు?"

"కింద మంట పెడ్తారు" అన్నాడు జగన్నాథం.

ఆ సినిమాలను చూసేవాళ్ళు తక్కువే. పగిడ్యాల నుంచి ఒక టీచరమ్మ తన తరగతిలో పిల్లలకు చూపించానని, మళ్ళీ మళ్ళీ వేయమన్నారని రాసింది. ఎజ్రా ఫోనులో చదివి వినిపిస్తే జగన్నాథం లేచిపోయి, వెనక తొట్టి దగ్గర ముఖం కడుక్కుని వచ్చాడు.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తు లేదు. శిల్పుల ఇళ్ళల్లో దగ్గును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఉలితో చెక్కిన కాలంలో రాయి పెచ్చులుగా రాలేది. గ్రైండరు వచ్చాక పొడిగా లేస్తోంది. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఊపిరాడదని తీసేసేవాళ్ళే ఎక్కువ. ముందు టీబీ అన్నారు, మందులు మింగించారు. తగ్గలేదు. చివరికి నంద్యాలలో ఒక డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూపించాడు. రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిపోయిందని, ఇక మందు లేదని, ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోమని చెప్పాడు. ఆసుపత్రికి తోడుగా వెళ్ళింది ఎజ్రాయే. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో జగన్నాథం కిటికీ పక్కన కూర్చుని అడిగాడు.

"ఆ ముగ్గురి కథ రాస్తాండావు కదా. యాడిదాకా వచ్చింది?"

ఆ కథ రాయడం ఎజ్రా అప్పటికే మానేశాడు.

అది పందొమ్మిది వందల డెబ్బై ఒకటిలో జరిగింది. ముగ్గురు రష్యా వాళ్ళు మనిషి కట్టిన మొదటి అంతరిక్ష కేంద్రంలో మూడు వారాలకు పైగా ఉండి తిరిగి బయల్దేరారు. దారిలో వాళ్ళ వాహనంలో ఒక చిన్న వాల్వు తెరుచుకుంది. లోపలి గాలంతా బయటికి పోయింది. ముగ్గురూ అందులో ఇరుక్కుని కూర్చోవాలి గనక గాలి నింపిన దుస్తులు వేసుకోవడానికి చోటు లేదు. పారాచూటు మాత్రం తన వేళకు తెరుచుకుంది. వాహనం చెక్కుచెదరకుండా నేలకు దిగింది.

"అది వద్దులే అన్నా. వేరేది చేద్దాం" అన్నాడు ఎజ్రా.

"ఏం, నేను సచ్చిపోతానని బయపడ్తాండావా?"

"అట్ల కాదు..."

"అట్లనే. ఊపిరాడనోళ్ళ కథ ఊపిరున్నోనికి ఏం తెలుస్తాది? నేనే చెప్పాల. అదొక్కటీ చెప్పి, నీ జోలికి రాను పో."

అప్పటి నుంచి ఎజ్రాకు అమావాస్య అంటే భయం పట్టుకుంది. జగన్నాథానికి ఇంకెన్ని వస్తాయో తెలియదు. నెలకు ఒక్కపూటే వీధి సద్దుమణుగుతుంది, ఆ పూటలోనే పని జరగాలి. దానికి తోడు రికార్డింగు షెడ్డు నుంచి ఇంట్లోకి మారాక అక్కడా ఒక రొద చేరింది. ఆక్సిజన్ మిషను రాత్రీ పగలూ బుస కొడుతూనే ఉంటుంది. రికార్డు చేయాలంటే దాన్ని ఆపాలి. ముక్కులో గొట్టం తీసేసి జగన్నాథం మైకు ముందు కూర్చుంటే, సులోచన స్విచ్చు మీద వేలు పెట్టి నిలబడేది. ఆమె చూపు భర్త ముఖం మీద ఉండేది కాదు, చేతిగోళ్ళ మీద ఉండేది. గోళ్ళు నీలంగా తిరగగానే టక్కున స్విచ్చు వేసేసేది. వాక్యం సగంలో ఉన్నా సరే.

"ఇంగొక్క మాటనే..." అని జగన్నాథం చెయ్యెత్తేవాడు.

"మాట యాడికీ పోదు. ముందు గొట్టం పెట్టుకో" అనేది ఆమె.

ఇదివరకు ఒక పేరా మొత్తం ఒక్క ఊపున చదివిన మనిషి. ఇప్పుడు అతని ఊపిరికి సరిపోయేలా ఎజ్రా వాక్యాలను కత్తిరిస్తూ పోయాడు. ఒక్కో అమావాస్యకూ రాత చిక్కిపోయింది. 'వాళ్ళు కిటికీలోంచి భూమిని చూశారు' అన్నది మొదట 'భూమిని చూశారు' అయింది, ఆ తర్వాత 'చూశారు' దగ్గర ఆగింది. ఆ ఒక్క మాటకూ ముందొక ఎగశ్వాస, వెనకొక ఎగశ్వాస. లోపల ఎవరో గరకు రాయి మీద ఇనుము గీస్తున్నట్టు ఉండేది ఆ చప్పుడు.

రెండో అమావాస్య రికార్డింగు అయ్యాక జగన్నాథం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తన గొంతు తనే విన్నాడు. కళ్ళు మూసుకుని వినడం అతని అలవాటు. క్వారీకి పోయి రాయి ఎంచేటప్పుడూ అంతే. సుత్తితో ఒక దెబ్బ కొట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. గంటలా మోగితే తెచ్చుకునేవాడు. లోపల పగులున్న రాయి డొల్లగా మోగుతుంది, ఎంత అందంగా ఉన్నా దాన్ని అక్కడే వదిలేసేవాడు. చెక్కేటప్పుడు బొమ్మ వేలి కొస విరిగినా సరే, అది భిన్నమైన విగ్రహం, గుడికి పనికిరాదు. నెలల కష్టాన్ని అలా మూలకు నెట్టేసిన సందర్భాలున్నాయి.

ఇయర్‌ఫోన్లు తీసి ఎజ్రా చేతిలో పెట్టాడు.

"భిన్నమైపోయింది."

"బాగుండాదన్నా. విన్నోళ్ళకు..."

"విన్నోళ్ళకు నా జబ్బు ఇనపడ్తాంది, ఆ ముగ్గురు యాడ ఇనపడ్తాండారు?" అని గొట్టం సర్దుకుని, కాసేపు ఊపిరి పోగుచేసుకున్నాడు. "నువ్వు పెండ్లి వీడియోల్లో దగ్గులూ తుమ్ములూ తీసేస్తావు కదా. అట్లనే ఇదీ తీసెయ్. ఒక్క ఆయాసం గుడక ఉండగూడదు. ఉందంటే ఆ సినిమా బయటికి పోగూడదు. నాకు మాటియ్యి."

ఎజ్రా మాట ఇచ్చాడు. గడపలో ఉన్న సులోచన లేచి లోపలికి వెళ్ళింది.

నంద్యాలలో స్టూడియో తలుపు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చుంటే, జగన్నాథం గొంతు తెర మీద గీతలుగా కనిపించేది. మాటలు చిన్న చిన్న దిబ్బలు. వాటి మధ్య ఆయాసాలు మాటల కన్నా వెడల్పుగా, ఎత్తుగా ఉండేవి. ఒక్కొక్కటీ గీసి, తీసేసి, ఇటు మాటనూ అటు మాటనూ దగ్గరికి జరిపేవాడు. రెండు మాటలు కలవగానే పాత జగన్నాథం పలికేవాడు. ఆరోగ్యంగా, ఆగకుండా, తిరునాళ్ళ మైకులో లాగా. మొదట్లో ఎజ్రాకు సంతోషం వేసింది. పని సాగేకొద్దీ వినడం కష్టమైంది. ఆ తెర మీద మాట్లాడుతున్న మనిషి ఎక్కడా ఊపిరి పీల్చడం లేదు.

చివరి పేరా మిగిలిన అమావాస్యకు జగన్నాథం కూర్చోలేకపోయాడు. వీపుకు దిండ్లు పెట్టి, మైకు మంచం దగ్గరికే జరిపారు. సులోచన స్విచ్చు ఆపింది. నేలకు దిగిన వాహనం దగ్గరికి మనుషులు పరుగెత్తి వచ్చిన ఘట్టం అది.

"బయటి నుంచి... తట్టారు" అన్నాడు. ఆగాడు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. "లోపల నుంచి..."

సులోచన వేలు కదిలింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆ గోళ్ళను చూసింది, ఎజ్రా వైపు చూసింది.

"...పలుకు లేదు."

స్విచ్చు పడింది. మిషను బుస మొదలైంది. అతను కళ్ళు తెరిచి, మాట రాక, పూర్తయిందా అన్నట్టు కనుబొమలెత్తాడు. ఎజ్రా తల ఊపాడు.

తర్వాతి అమావాస్య దాకా జగన్నాథం ఉండలేదు. వీధిలోని షెడ్లన్నీ ఆ పూట గ్రైండర్లు ఆపేశాయి.

కర్మలన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం ఎజ్రా ల్యాప్‌టాప్ తీసుకుని ఆళ్లగడ్డ వెళ్ళాడు. సినిమా ఇంకా బయట పెట్టలేదు. ముందు సులోచన చూడాలనుకున్నాడు. పక్క షెడ్డాయన, ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. సినిమా అయ్యాక పక్క షెడ్డాయన కళ్ళు తుడుచుకుంటూ, "ఏం గొంతప్పా. జబ్బు మనిషి చెప్పినట్టే లేదు. యాడా తొణకలే" అన్నాడు. అందరూ అదే మాట అని, తమ తమ పనులకు వెళ్ళిపోయారు. గ్రైండర్లు మళ్ళీ లేచాయి.

సులోచన కదల్లేదు. రొద మీదుగా వినపడేలా ఎజ్రా దగ్గరికి జరిగి అడిగింది.

"ఆ తీసేసినవి యాడ పెట్టినావప్పా?"

"ఏవి వదినా?"

"ఆయప్ప ఆయాసం. నువ్వు తీసేసినావు కదా, ముక్కలు ముక్కలుగా. అవి ఉన్నాయా?"

మెమరీ కార్డులు ఖాళీ చేయకపోతే మర్నాటి పెళ్ళి ఎక్కదు. తీసేసినవి తీసేసినట్టే చెరిపేయడం ఎజ్రా వృత్తిలో అలవాటు. అవి దాచాలన్న ఆలోచనే రాలేదు.

"లేవు వదినా. చెరిపేసినా."

ఆమె తల ఊపింది. "ఇందులో మాట్లాడే మనిషి నాకు పెండ్లైనప్పటి మనిషి. బాగుండాడు. ఈ రెండేండ్లు నా పక్కన పండుకున్నోడు వేరే. ఆయప్ప చప్పుడు ఇంటానే నిద్రపోతాంటి. చప్పుడు మారితే లేస్తాంటి. ఇప్పుడు నిద్ర పట్టడం ల్యా."

"నేను..."

"నువ్వేం చేస్తావులే. ఆయప్ప చెప్పినట్ల చేసినావు" అని, చెంగుతో ల్యాప్‌టాప్ మీద చేరిన తెల్లటి పొడిని తుడిచింది. "ఇంగోసారి పెట్టు."

ఎజ్రా ఇయర్‌ఫోన్లు తీసి ఒకటి ఆమెకిచ్చి, ఒకటి తను పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. నల్లటి తెర మీద నక్షత్రాలు వచ్చాయి. గొంతు మొదలైంది. రెండు మాటలు కాగానే సులోచన వేలితో అతని ముంజేతి మీద తట్టింది.

"ఈడ."

ఎజ్రా ఉలిక్కిపడ్డాడు. నిజమే. అక్కడ ఒక ఆయాసం ఉండేది, పొడుగాటిది.

"అవును వదినా."

ముగ్గురూ వాహనంలోకి ఎక్కుతున్నారు. గొంతు ఎక్కడా ఆగడం లేదు. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది.

"ఈడ" అంది మళ్ళీ. ఇంకో వాక్యం నడిచింది. "ఈడ దగ్గొచ్చి ఉంటాది. నీళ్ళు అడిగినాడు చూడు, ఆ పొద్దు."

"అవును."

వేలు అతని ముంజేతి మీద పడుతూనే ఉంది, మాట మాటకూ, సినిమా నేలకు దిగుతున్నంత సేపూ.