చెల్లె దాచుకున్న నవల

మొన్న ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర పాత పుస్తకాలు పరుచుకున్నతని ముందు ఆగాను. అట్ట మీద గుర్రం, వెనక కోట, కోట బురుజు మీద మేలిముసుగు వేసుకున్న అమ్మాయి. చిన్న నవల. కొనలేదు గానీ, ఆ బొమ్మ చూడగానే కాలికి పిండికట్టుతో ఇంట్లో పడి ఉన్న రోజులు గుర్తొచ్చాయి.

అప్పుడు నేను సర్వేయర్ని. తుర్కయాంజాల్ వైపు ప్లాట్ల హద్దులు చూపిస్తూ గోతిలో కాలు పెట్టి మడమ విరగ్గొట్టుకున్నాను. అంతవరకు నేను చదివిందల్లా భూముల పహాణీలు, పటాలు. నవలలు పనిలేనివాళ్ళ వ్యవహారమని నా గట్టి నమ్మకం. ఇంట్లో నేను, నా భార్య, మా చెల్లె. భర్త పోయినప్పుడు చెల్లెకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఒక పెట్టెతో, ఒక కుట్టుమిషన్‌తో మా ఇంటికి వచ్చి ముందు గదిలో జాకెట్లు కుట్టుకుంటూ ఉండిపోయింది. నా కాలు విరిగేనాటికి తను వచ్చి పదకొండేళ్ళు. తనకు ఏ లోటూ రానివ్వలేదని పదిమందిలో చెప్పుకునేవాణ్ణి కూడా. ఒకరోజు కట్టు లోపల దురద భరించలేక, పొడుగు సూది ఏదైనా దొరుకుతుందేమోనని మిషన్ సొరుగు తెరిస్తే దారపు ఉండల కింద అలాంటి నవలే కనిపించింది.

తొలి పేజీలకే విసుగొచ్చింది. అమ్మాయి కళ్ళ వర్ణనకే పేజీన్నర. ఆమెను ప్రేమించిన సిపాయి మధ్యాహ్నం ఓరుగల్లులో గుర్రమెక్కి దీపాలు పెట్టే వేళకు గోల్కొండ చేరిపోయాడు. ఎంత జాతి గుర్రమైనా నా లెక్కలో అది కుదరదు. అయినా వదల్లేకపోయాను. చెల్లె పొద్దున కుట్టు నేర్పడానికి సెంటరుకు వెళ్ళగానే తీసి, మధ్యాహ్నం వచ్చేలోపు మళ్ళీ దారాల కింద పెట్టేసేవాణ్ణి. ఆ కథలో ఆ అమ్మాయికి అన్న ఒకడున్నాడు, చెల్లెలంటే ప్రాణమిచ్చే కోట దొర. ఆమె ఎక్కడికీ పోకుండా తలుపులన్నీ మూయిస్తాడు. మూడో రోజుకు వాణ్ణి పైకే తిట్టడం మొదలుపెట్టాను. "వీనికేం రోగం!" అంటే వంటింట్లోంచి మా ఆవిడ "ఎవనికి?" అని అడిగేది.

శనివారం, ఆ అమ్మాయి కోట వెనక తలుపు దగ్గరకు చేరిన పేజీలో మడిచిన చీటీ ఒకటి దొరికింది. "ఆదివారం పదింటికి మన్నెగూడ రా. మీ అన్నకు నేనే చెప్తా. ఇంక భయపడకు." రిపేరు రసీదుల మీద చూసిన అక్షరాలే. మన్నెగూడలో కుట్టుమిషన్లు బాగుచేసే ఆయనవి. భార్య పోయినాయన. రెండుసార్లు మా ఇంటికొచ్చి మిషన్ చూసి, చాయ్ తాగి వెళ్ళాడు. ఆ నిమిషం వరకు నా దృష్టిలో చాలా మంచివాడు. మా చిన్నాయన ఏమంటాడు, బంధువులు ఏమంటారు, నా కళ్ళముందే ఇదంతా ఎప్పుడు జరిగింది? అన్నం ముందు కూర్చుని కంచం పక్కకు నెట్టేశాను. మా ఆవిడ నన్ను చూసి కూడా ఏమీ అడగలేదు. అంటే తనకూ తెలుసన్నమాట.

ఆదివారం పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని చెల్లె నా ముందుకొచ్చింది. ఈసారి నేను నవల దాచలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నాను.

"అన్నా, మన్నెగూడ పోయొస్త. లైనింగ్ గుడ్డ తేవాలె."

"ఇయ్యాల పోకుంటే ఏమైతది?"

తను నా ఒళ్ళోకి చూసింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"చీటీ చూసినవా?"

"చూసిన."

చెల్లె సంచి కింద పెట్టింది. "అన్నం పెట్టినవ్. ఒక్క మాట అనలే. గని నాకేం కావాలెనో ఎన్నడన్న అడిగినవా అన్నా?"

ఏడ్చి ఉంటే నాకు ధైర్యం వచ్చేదేమో. ఏడవలేదు. నా జవాబు కోసం అలాగే నిలబడింది. పోవద్దనే మాట నాలుక మీదే ఉంది. ఆ ఇంట్లో నా మాటకు ఎదురు లేదు. కానీ మూడు రోజులుగా కోట దొరను నోరారా తిట్టిన నోటికి ఆ మాట రాలేదు.

"ఆయన్ని ఈడికే రమ్మను," అన్నాను, కటువుగానే. "రోడ్డు మీద నిలవడి ఏం మాట్లాడుతరు?"

గంటలో స్కూటరు మీద వచ్చాడు. కూర్చున్నాక కూడా నెత్తిన హెల్మెట్ అలాగే ఉంది.

"ఏమనుకుంటున్నవ్?" అని అడిగాను.

"పెండ్లి చేసుకుంటనన్నా. మీరు కాదంటే..." అని చెల్లె వైపు చూశాడు. "కాదంటే మల్ల వచ్చి అడుగుత."

ముందు నవ్వింది మా ఆవిడ. చెల్లె మాత్రం నా ముఖం నుంచి చూపు తిప్పలేదు. నేను తలూపాకే గోడకు ఆనుకుని ఊపిరి వదిలింది.

కట్టు విప్పాక రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేశాం. మొదటి సాక్షి సంతకం నాదే. చిన్నాయన రెండేళ్ళు మా గడప తొక్కలేదు. తర్వాత ఒకరోజు ఆయనే వచ్చి చెల్లె ఎట్లున్నదని అడిగాడు. బాగానే ఉంది. మిషన్ తీసుకుపోయిన రోజు ముందు గది ఊడుస్తుంటే, నేల మీద దాని కాళ్ళు ఆనిన చోట నాలుగు గుంటలు పడి ఉన్నాయి. ఆ పదకొండేళ్ళు నాకు ఎప్పుడు గడిచాయో కూడా తెలియదు. ఆ గదిలో కూర్చున్న మనిషికి మాత్రం అవి ఒక్కొక్క రోజుగా గడిచి ఉంటాయి.