లొరీన్ కడిగిన ఇత్తడి

“మెరవనిదాన్ని కడిగానని ఎలా చెప్పుకుంటావు లొరీన్?”

మార్విన్ స్లోకమ్ ఈ ప్రశ్న తన దుకాణం బల్ల వెనకనుంచి, పదిమందీ వినేలా అడిగాడు. మేకులు కొనేవాళ్ళు, కోళ్ళదాణా కొనేవాళ్ళు తలలు తిప్పి చూశారు. లొరీన్ హాగ్‌స్టాడ్ అప్పుడే రెండు బరువైన గుడ్డసంచులు బల్లమీద దించింది. వాటి నిండా పేలిపోయిన తూటాల ఇత్తడి గొట్టాలు, కడిగి, ఆరబెట్టి, ఏరి తెచ్చినవి.

“నీ పళ్ళు మెరుస్తాయి మార్విన్. అవి నీవి కావుగా,” అంది.

అందరూ నవ్వారు. మార్విన్ కూడా నవ్వాడు. నవ్వేసి గుర్తుపెట్టుకునే రకం అతను.

అమెరికాలోని కోల్‌బ్యాంక్ అనే ఈ ఊళ్ళో వేటకు వెళ్ళని ఇల్లు లేదు. ప్రతిసారీ కొత్త తూటాలు కొనే స్తోమత మాత్రం చాలా ఇళ్ళకు లేదు. పేల్చినప్పుడు రాలిన గొట్టాలను వంగి ఏరుకుంటారు. వాటిలో మళ్ళీ మందు పోసి, కొత్త గుండు బిగించి వాడుకుంటారు. ఊళ్ళో దాన్ని ఉత్త ‘ఇత్తడి’ అనే అంటారు. “మా ఇత్తడి అయిందా?” అని అడిగితే అర్థం అదే. గొట్టం శుభ్రంగా ఉండి, ఎక్కడా పగులు లేకపోతే ఆరేడుసార్లు పనికొస్తుంది. ఆ శుభ్రమూ, ఆ పగులు లేకపోవడమూ చూసే పని లొరీన్‌ది. గొట్టానికి నాలుగు సెంట్లు.

ఆమెకు అరవైమూడేళ్ళు. ఇరవైరెండేళ్ళు బడి వంటగదిలో పిల్లలకు వండి పెట్టింది. భర్త ఐనర్ బతికున్నప్పుడు కారు షెడ్డులో తన తూటాలు తనే తయారుచేసుకునేవాడు. తుపాకీ మోతకు అతని చెవులు పోయాయి. పగిలిన గొట్టం మోగే తీరు వేరు. బాగున్నది గంటలా ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా మోగుతుంది. అది ఐనర్‌కు వినపడదు కాబట్టి పక్కన కూర్చుని లొరీన్ వినేది. అలా నేర్చుకుంది. తను మాత్రం జన్మలో ఒక్క తూటా పేల్చలేదు.

ఆమె పని పద్ధతి చూస్తే వంటిల్లే గుర్తొస్తుంది. ముందు అయస్కాంతం ఆడించి ఇనప గొట్టాలు తీసేస్తుంది. అడుగున పేలిపోయిన చిన్న బిళ్ళను పొడిచి రాలుస్తుంది. తర్వాత గొట్టాలను తిరిగే డ్రమ్ములో వేసి, జుట్టంత సన్నటి స్టీలు పుల్లలు, గిన్నెలు తోమే సబ్బు, అరచెంచా నిమ్మఉప్పు, నీళ్ళు పోసి మూడుగంటలు తిప్పుతుంది. ఆ పుల్లలు గొట్టం లోపలికి దూరి మసంతా గీకేస్తాయి. మూడుసార్లు జాడించి, పాత దుప్పటిమీద ఆరబోస్తుంది. చివరికి ఐదేసి గొట్టాలు దోసిట్లోకి తీసుకుని గలగలలాడించి వింటుంది. అనుమానం వస్తే కొన వంచిన తీగ లోపలికి పెట్టి తడుముతుంది. ఆమె చేతిలోంచి వచ్చిన ఇత్తడి ఎండుగడ్డి రంగులో ఉంటుంది. మెరవదు.

దీన్ని రైఫిల్ క్లబ్బువాళ్ళు ‘సేవ’ అంటారు. ఏటా ఒక ప్రశంసాపత్రం ఇస్తారు, ఆమెకు సభ్యత్వం మాత్రం ఇవ్వరు. తుపాకీ పేల్చనివాళ్ళకు సభ్యత్వం లేదని నిబంధన. పని చేయించుకోవడానికి అడ్డురాని నిబంధన కుర్చీ వేయడానికి మాత్రం అడ్డొస్తుంది. ఆ క్లబ్బు అధ్యక్షుడు మార్విన్. తయారుచేసిన తూటాలను పెట్టెల్లో పెట్టి అమ్మేదీ అతనే.

మే నెలలో మార్విన్ మూతపడ్డ ఒక దుకాణం వేలంపాటలో నలభై డబ్బాల పాలిష్ చవగ్గా కొన్నాడు. ఒక డబ్బా తెచ్చి లొరీన్ ముందు పెట్టాడు.

“ఇది వాడు. అద్దంలా వస్తుంది. జనం కళ్ళతో కొంటారు.”

లొరీన్ మూత తీసి వాసన చూసి, ముఖం పక్కకు తిప్పుకుంది. “ఇందులో అమ్మోనియా ఉంది.”

“ఉంటే?”

“ఇత్తడిని తినేస్తుంది. పైకి ఏమీ కనపడదు. బీరువాలో కూర్చుని కూర్చుని దానంతటదే పగులుతుంది. గుర్రపుశాలలో తూటాలు దాచొద్దని మీ తాత చెప్పలేదా?”

“గుర్రానికీ దీనికీ ఏం సంబంధం?”

“గుర్రం ఉచ్చలో ఉండేదే ఈ డబ్బాలో ఉంది. నువ్వు దానికి డబ్బిచ్చి కొన్నావు.”

ఆమె చెప్పింది నిజం. ఇంగ్లీషువాళ్ళ సైన్యం ఈ పాఠం మన ఇండియాలోనే నేర్చుకుంది. వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాలు, ఎవరూ పేల్చకుండానే, పెట్టెల్లో పగిలి కూర్చున్నాయి. వందేళ్ళకు పైబడ్డ సంగతి. మార్విన్‌కు ఆసక్తి లేదు. లొరీన్ తను కడగనంది. “సరే, కడగడం కూడా విద్యేనా!” అని మార్విన్ తన ఇత్తడంతా వెనక్కి తెచ్చుకుని, జూన్ నుంచి తనే పాలిష్‌లో నానబెట్టి, సరిగా జాడించకుండా, తడి ఆరకముందే బకెట్లలో మూతపెట్టాడు. తూటాలు బంగారంలా మెరిశాయి. జనం కళ్ళతోనే కొన్నారు.

సెప్టెంబరులో, వేట మొదలవడానికి నెలముందు, గస్ ప్రూయిట్ అనే చక్కెరదుంపల రైతు అలా కొన్న పెట్టెలోంచి ఒక తూటా తీసి గురి సరిచూసుకుంటుంటే గొట్టం మొదట్లో పగిలి, వేడి గాలి వెనక్కి తన్నింది. తుపాకీ కర్ర చీలింది. గస్ కుడిచెంప కాలింది, కన్నుకు కట్టు పడింది. చూపు దక్కింది, అదీ డాక్టరు దయవల్ల కాదు, వెంట్రుకవాసి తేడావల్ల.

మార్విన్ అబద్ధం చెప్పలేదు. “ఇన్నేళ్ళూ మా ఇత్తడి కడిగింది లొరీనే కదా, పాపం వయసు మీదపడుతోంది,” అని మాత్రమే అన్నాడు. మిగతాది ఊరు పూర్తిచేసుకుంది.

లొరీన్‌కు ఈ సంగతి ఎలా తెలిసిందో చెప్పాలి. ఈ ఊళ్ళో ఎవరింట్లోనైనా చావు జరిగితే ఇరుగుపొరుగు మూతపెట్టిన గిన్నెలో వండిన కూర తెచ్చి ఇస్తారు. అక్టోబరు మొదటివారంలో గస్, కంటికట్టుతో, మాంసమూ బంగాళాదుంపలూ వేసి కాల్చిన గిన్నె పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎవరు పోయారు గస్?”

“ఎవరూ పోలేదు. మా ఆవిడ పంపింది.” అతను గిన్నె మార్చి పట్టుకున్నాడు. “నిన్ను క్షమించాం లొరీన్.”

“దేనికి?”

“ఇదిగో, దీనికి,” అని కట్టు చూపించాడు. “మొన్న క్లబ్బులో పాస్టరు గారు ప్రార్థన చేయించారు. అందరం చేతులెత్తి ఒప్పుకున్నాం. క్లబ్బు తీర్మానాల పుస్తకంలో కూడా రాశారు. నువ్వేం బాధపడకు.”

“ఆ పగిలిన ఇత్తడి ఎక్కడుంది?”

“క్లబ్బులో, కవరులో.”

“లోపల చూశావా?”

“కవరు లోపలా?”

“ఇత్తడి లోపల, గస్!”

“ఒంటికన్నుతో ఏం చూస్తాను లొరీన్?”

“నన్ను క్షమించడానికి ఆ ఒక్కటి సరిపోయిందే!”

ఆమె గిన్నె తీసుకుంది. తినలేదు.

ఆ వారంలోనే పదకొండు ఇళ్ళవాళ్ళు వచ్చి తమ ఇత్తడి సంచులు వెనక్కి తీసుకుపోయారు. ఒక్కరూ కోపంగా మాట్లాడలేదు. “విశ్రాంతి తీసుకో”, “ఇన్నాళ్ళూ చేశావుగా” అన్నారు. తిడితే జవాబు చెప్పవచ్చు. చెయ్యని తప్పుకు క్షమించేసినవాళ్ళతో ఏం వాదిస్తాం? ముద్దాయి లేకుండా విచారణ, విచారణ లేకుండా తీర్పు, తీర్పు మీద దయ! ఇంత మర్యాదగా ఒక మనిషి అన్నం లాక్కోవడం మంచివాళ్ళకే చేతనవును.

తర్వాతి సమావేశానికి లొరీన్ వెళ్ళింది. పాస్టరు ప్రార్థన చేసి, మనమంతా ఒకే కుటుంబం అన్నాడు. ఆ క్లబ్బులో కుటుంబం మాట వినపడిందంటే ఎవరికో ఏదో ఎగ్గొట్టబోతున్నారని నా అనుభవం. లొరీన్ లేచి నిలబడింది.

“సభ్యులు కానివాళ్ళు మాట్లాడే నిబంధన లేదు,” అన్నాడు మార్విన్.

ముందు వరసలోంచి గస్ గొణిగాడు. “సభ్యురాలు కానామెని క్షమించే నిబంధన ఉందా?”

ఎవరో కిసుక్కుమన్నారు. బల్లమీది కవరు ముందుకు జరిపారు. మూడువారాలుగా అదే బల్లమీద ఉంది. దాని చుట్టూ కూర్చుని కాఫీలు తాగారు, ప్రార్థనలు చేశారు, ఒక్కరూ విప్పి చూడలేదు.

లొరీన్ తన జేబులోంచి ఒక గొట్టం తీసి పక్కన పెట్టింది. “ఇది నేను కడిగాక, నీదానిలాగే ఒక్కసారి పేల్చింది. లోపల వేలుపెట్టి చూడు గస్. ఇప్పుడు నీదాంట్లో పెట్టు.”

గస్ చిటికెనవేలు దూర్చి తీశాడు. మొదటిసారి వేలికి పలచగా కాస్త మసి అంటింది. రెండోసారి పాత మసి అట్టకట్టి, వేలంతా నల్లగా వచ్చింది.

“పొయ్యిగొట్టంలా ఉంది!”

“పైన ఎలా ఉంది?”

“పెళ్ళి ఉంగరంలా ఉంది.”

“నా చేతిలో ఇత్తడి ఎప్పుడైనా అలా మెరిసిందా? అందుకేగా అందరిముందూ నన్ను అడిగావు మార్విన్?”

మార్విన్ గొంతు సవరించుకున్నాడు. “ఒక్క గొట్టం చూసి చెప్పేస్తామా? ఎక్కడో ఒకటి దొర్లి ఉంటుంది. ఎవరికైనా దొర్లుతుంది.”

“అయితే ఒక బకెట్టు తెప్పించు. జూన్‌లో నువ్వే కడిగి, ఇంకా మందు పొయ్యనిది.”

దుకాణం రోడ్డుకు అవతలే. ఇద్దరు వెళ్ళి బకెట్టు మోసుకొచ్చారు. లొరీన్ వంద గొట్టాలు లెక్కబెట్టి, ఐదేసి చొప్పున దోసిట్లో వేసి ఆడించింది. హాల్లో మగాళ్ళంతా చెవుల వెనక చేతులు పెట్టుకుని ముందుకు వంగారు.

“అన్నీ ఒకేలా మోగుతున్నాయే,” అన్నాడొకాయన.

“మీకు వినపడదు. ముప్ఫైయేళ్ళు తుపాకీ పక్కన చెవి పెట్టుకున్నారు,” అంది, చేతులు ఆపకుండా.

ముప్ఫైఒకటి పక్కకు తీసింది. భూతద్దం తెచ్చి ఒక్కొక్కటీ చూశారు. ఇరవైతొమ్మిదింటిలో వెంట్రుకంత పగులు. అవి కడిగాక మళ్ళీ పేల్చినవి కావు, ఎవరూ ముట్టుకున్నవి కావు. మూతపెట్టిన బకెట్లోనే కూర్చుని పగిలాయి.

“రెండు బాగానే ఉన్నాయిగా!” మార్విన్ గొంతు లేచింది. “రెండు తప్పు చెప్పావు!”

లొరీన్ ఆ రెండూ అతని ముందుకు జరిపింది. “మందు పోసి పేల్చు మార్విన్. నేను పక్కనే నిలబడతాను.”

మార్విన్ వాటిని ముట్టుకోలేదు.

అందరికీ ఒకేసారి తట్టింది అనుకుంటాను. ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లో, అలమారా పైఅరలో, మార్విన్ అమ్మిన మెరిసే పెట్టె ఒకటి ఉంది. వేట మొదలవడానికి పన్నెండు రోజులుంది. కొందరు పెళ్ళాలకు ఫోన్లు చేయడానికి బయటికి పరిగెత్తారు.

పాస్టరు చేతులు జోడించాడు. “నిజం బయటపడినందుకు దేవుడికి కృతజ్ఞతలు. ఇప్పుడు మార్విన్‌ను మనందరం...”

“పాస్టరు గారూ, ఆగండి,” అంది లొరీన్. “క్షమించడం తర్వాత. ముందు ఆ పుస్తకంలో నా పేరు కొట్టెయ్యండి.”

“అదొక మంచి మాటే కదమ్మా, క్షమించామనే కదా రాసింది?”

“తప్పు చేసినవాళ్ళకి మంచి మాట. నాకు అది తిట్టు.”

గస్ లేచాడు. “నేను క్షమించింది తప్పు చెయ్యని మనిషిని. ఆ క్షమించడం వెనక్కి తీసుకుంటున్నా. ఎవరైనా బలపరచండి.”

నలుగురు ఒకేసారి చేతులెత్తారు. కార్యదర్శి పుస్తకం తెరిచి పాత తీర్మానం చదివాడు. అందులో క్షమించిన మాట కిందే ఇంకో వాక్యం ఉంది: ఏప్రిల్, మే నెలల్లో కడిగిన ఆరువేల రెండువందల గొట్టాలకు స్లోకమ్ దుకాణం నుంచి లొరీన్‌కు రావలసిన సొమ్ము, ప్రూయిట్ గారి తుపాకీ బాగుచేయించడానికి నిలిపి ఉంచడమైనది. దయతో క్షమిస్తూనే జేబు కూడా తడుముకున్నారన్నమాట. రెండు వాక్యాలనూ కొట్టేశారు. మార్విన్ ఓటు వెయ్యలేదు.

మరుసటి వారం మార్విన్ మెరిసే పెట్టెలన్నీ వెనక్కి తీసుకుని, కంపెనీ తూటాలు బదులిచ్చాడు. ఎంత పెద్ద మనసని ఊరంతా మెచ్చుకుంది. బకెట్లు పాతసామాన్లవాడికి పోయాయి. పదకొండు సంచులూ లొరీన్ వరండాలోకి తిరిగొచ్చాయి. వాటితో పాటు క్షమించమన్న మాట ఒక్కదాన్నీ ఎవరూ తేలేదు. ఆమె ధర ఐదు సెంట్లు చేసింది. ఎవరూ బేరమాడలేదు. మార్విన్‌ది మాత్రం కడగనంది.

గస్ తన తుపాకీ కర్ర తనే బాగు చేయించుకున్నాడు, లొరీన్ డబ్బు ముట్టుకోనన్నాడు. అది మార్విన్ దగ్గరే ఉంది. అడిగితే, క్లబ్బు కమిటీ తేల్చాలంటాడు. కమిటీకి అధ్యక్షుడు అతనే. రెండువందల నలభైఎనిమిది డాలర్లు. ఇవాళ్టికీ ఇవ్వలేదు.