ఉప్పు చల్లిన నేరేడు పండ్లు

ముఖం కడుక్కుంటున్న మా అన్నకు ముక్కు నుంచి నెత్తురు పడింది. ఎంతకూ ఆగలేదు. "ఎండ వేడిరా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆకాశం నిండా మబ్బే ఉంది. అప్పటికే కొన్నాళ్లుగా మెడ వెనక బరువంటున్నాడు, మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. హైదరాబాదు స్టేటు ఇంకా ఆంధ్రలో కలవని రోజులవి. మేము మొఘల్‌పురాలో ఉండేవాళ్లం.

ఆస్పత్రిలో డాక్టరు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పాదరసం దిగేదాకా చూసి, మళ్లీ కొట్టాడు. "హై బ్లడ్ ప్రెషర్. సాల్ట్ బంద్." యూరిన్ టెస్టులో ఆల్బుమిన్ పోతోందన్నారు. సర్పగంధ మాత్రలిచ్చారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

వదిన ఇంటిల్లిపాదికీ చప్పిడి వంటే చేసింది. మలక్‌పేట నుంచి మా మేనమామ చూడవచ్చి, "నేరేడు పండ్లు తినిపియ్యుండ్రి. నెత్తురు పోటు గుంజేస్తయ్" అన్నాడు. చప్పిడి కూడు సహించని అన్న వాటి మీద పడ్డాడు. "మందు గింత రుచిగుంటదని తెలిస్తే ఎప్పుడో మంచం పట్టెటోన్ని గదనే" అని వదినతో నవ్వేవాడు.

ప్రెషర్ దిగలేదు, పెరిగింది. ఒక మధ్యాహ్నం అన్న ఎడమ చేతిలోంచి గ్లాసు జారింది. జారిన సంగతి ఆయనకు తెలియలేదు. మూతి ఒక పక్కకు పోయింది.

"స్ట్రోక్" అన్నాడు డాక్టరు. "ఇంకోటి వస్తే నా చేతుల లేదు. ఉప్పు తింటున్నడు గదా?"

"పిల్లల మీద ఒట్టు సాబ్, చారుల సుత వేస్త లేను" వదిన ఏడ్చింది.

డాక్టరు అన్న నాలుక చూశాడు. ఊదా రంగు.

"గిదేంది?"

"నేరేడు పండ్లు."

"ఎట్ల తింటడు?"

"అందరెట్ల తింటరో గట్లనే. ఉప్పేసి, గిన్నెల కుదిపి. లేకుంటే గొంతు పట్టదా?"

చదువు లేని మనిషివంటూ ఆయన వదిన మీద కేకలు వేశాడు. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. పండు మీది ఉప్పును మా ఇళ్లలో ఉప్పని ఎవరు లెక్కపెట్టారు? ముందే విడమరచి రెండు మాటలు చెబితే ఆయన సొమ్మేం పోయేది?

అన్న బతికాడు. మాట తిరిగి వచ్చింది, ఎడమ చేయి రాలేదు. పోయేదాకా చొక్కా గుండీలు వదినే పెట్టింది.

ఇప్పుడు నాకూ బీపీ ఉంది. సొంతంగా ఎంత చదివినా, నేరేడు పండు పోటు దించుతుందని నేను ధైర్యంగా చెప్పలేను. మాత్రకు అది బదులు కాదని మాత్రం చెప్పగలను. డాక్టరు ఉప్పు మానమంటే వెంటనే లేచి రాకండి. మీరు నోట్లో వేసుకునేవన్నీ, ఏది ఎలా తింటారో సహా, ఆయనకు చెప్పండి. విసుక్కుంటే విసుక్కోనీయండి. కుర్చీ మాత్రం వదలకండి.