ఐదు రూపాయలకు పాడిన కేకు

నవంబరు వచ్చిందంటే మా కాలేజీ కింద ఉన్న బేకరీలో చక్కెర మాడుస్తారు. క్రిస్మస్ కేకుకు ఆ ముదురు రంగు రావాలంటే చక్కెరను ఇనప మూకుడులో వేసి, పొగ లేచేదాకా, కాస్త చేదెక్కేదాకా మాడ్చాల్సిందే. ఆ వాసన మెట్లెక్కి రెండో అంతస్తులో ఉన్న మా కంప్యూటర్ గదిలోకి వస్తుంది. ఆ గదిలో నేను పిల్లలకు వ్యాపారం నేర్పుతాను, పాఠం చెప్పి కాదు, ఆట ఆడించి. నలుగురికొక దుకాణం, తెరమీదే సరుకు, తెరమీదే గిరాకీ, మధ్యమధ్య ఒక వేలం. ఎదుటి జట్టు తీరు చూసి, ఎప్పుడు నోరు మూసుకోవాలో, ఎప్పుడు ధర పాడాలో తెలుసుకున్న జట్టు గెలుస్తుంది. ఓడిన దుకాణం మీద ఎర్రగీత పడుతుంది, ఒక మీట నొక్కితే మళ్లీ కొత్త దుకాణం లేస్తుంది. పిల్లలకు ఈ క్లాసంటే ప్రాణం. నాకు మాత్రం నవంబరులో ఈ క్లాసున్న రోజు అన్నం సహించదు.

ఇలాంటి ఆటలు కంప్యూటర్లతోనే పుట్టాయని మా పిల్లల నమ్మకం. నేను పదకొండేళ్లప్పుడే ఆడాను. అప్పుడు మేము మల్కాజ్‌గిరిలో ఉండేవాళ్లం, నాన్న ఒక ఆఫీసులో గుమాస్తా, అమ్మ టీచరు. ఆదివారం ఇస్త్రీ బట్టలు నలగకుండా బస్సులో నిలబడి సికింద్రాబాదులోని మా చర్చికి వెళ్లేవాళ్లం. ఎండాకాలం సెలవుల్లో చర్చి వెనక రేకుల షెడ్డులో పిల్లలకు బైబిలు బడి పెట్టేవారు. పైన రేకులు కాలి చిటచిటమంటుంటే, కింద ఈతచాపల మీద చెమటతో అతుక్కుపోయి కూర్చుని, వాక్యాలు అప్పజెప్పి, స్టీలు గ్లాసుల్లో నిమ్మకాయ షర్బత్ తాగి, ఆ తర్వాత అసలు సంగతి కోసం ఎదురుచూసేవాళ్లం. అసలు సంగతి డేనియల్ మాస్టారి వేలం ఆట.

డేనియల్ మాస్టారు రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఎవరూ విడిపించుకోని పార్సిళ్లను వేలం వేయడం ఆయన ఉద్యోగమట. పిల్లలు చదువుతోపాటు లోకం పోకడ కూడా తెలుసుకోవాలని ఆయన పట్టుదల. సంచినిండా సోడా మూతలు తెచ్చి తలా ఇరవై పంచేవాడు. అవే మా రూపాయలు. గుడ్డ కప్పిన బుట్టలోంచి ఒక్కొక్క వస్తువూ తీసేవాడు, పగిలిన అద్దం, రంగు పెన్సిళ్లు, జంట తప్పిన చెప్పు, ఒకోసారి నిజంగా పనికొచ్చే టార్చిలైటు. మొదట్లో మేము టార్చి కనబడగానే ఇరవై మూతలూ కుమ్మరించి, తర్వాత నోరెళ్లబెట్టుకుని కూర్చునేవాళ్లం. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుంటూ చెప్పేవాడు.

"గంత ఆత్రమైతే ఎట్ల? నీకు గావాల్నని ఎదుటోనికి తెల్వనియ్యొద్దు. జెర ఓపిక వట్టు."

ఓపిక పట్టడం నాకు అబ్బినంతగా ఇంకెవరికీ అబ్బలేదు. నా మొహం చూసి నాకేం కావాలో దేవుడు కూడా చెప్పలేడని మాస్టారు మెచ్చుకుంటే, నేను ఇంటికి వెళ్లి అద్దం ముందు నిలబడి ఆ మొహం మళ్లీ పెట్టి చూసుకునేదాన్ని. గర్వం అంతా ఇంతా కాదు.

అసలైన వేలం నవంబరులో, కోతల పండుగనాడు. అందరూ దాన్ని హార్వెస్ట్ అనేవారు. దేవునికి తొలిపంటగా ఎవరి ఇంట్లో ఏది ఉంటే అది తెచ్చేవారు. గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, గెలలతో అరటిపండ్లు, కాళ్లు కట్టేసిన కోళ్లు, జాడీల్లో చింతకాయ తొక్కు, తెల్లగుడ్డ కప్పిన కేకులు. ఆరాధన అయ్యాక షామియానా కింద వాటిని వేలం వేసి, వచ్చిన డబ్బు చర్చికి జమచేసేవారు. మార్కెట్లో పావలా చేసే నిమ్మకాయ అక్కడ కోడి ధర పలికేది. మా పెరట్లో మునగచెట్టు విరగకాస్తుంటే నాన్న ఏటా అక్కడ మునక్కాయలే పాడి తెచ్చేవాడు, అమ్మ వాటిని చూసి తలపట్టుకునేది. నాకైతే నాన్న వట్టి అమాయకుడనిపించేది. మాస్టారి షెడ్డులో నెల రోజులు కూర్చోబెడితే బాగుపడతాడని కూడా అనుకున్నాను. ఇంట్లో కష్టమున్న వాళ్లు తెచ్చిన సరుకుకు మొదటి పాట నాన్నే పాడతాడని, ఆయన గొంతు లేచాకే మిగతా పెద్దలు పైకి పైకి పాడతారని, ఇచ్చిన చెయ్యి చిన్నబోకూడదని వాళ్ల మధ్య చెప్పుకోని కట్టుబాటు ఉందని నాకు అర్థం కాలేదు. ఇంకో కట్టుబాటు మాత్రం బాగా అర్థమైంది. చిన్నపిల్లలు పాట పాడితే పెద్దలెవరూ దాని మీద పాడరు.

ఆ ఏడు, బళ్లో నా పక్కన కూర్చునే స్నేహితురాలు కరుణ వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చింది. వాళ్లు కాప్రా చెరువు దగ్గర రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లు. వాళ్లమ్మ సలోమి ఆంటీ ఎవరిదో పాత ఓవెన్ అడిగి తెచ్చుకుని, క్రిస్మస్‌కు కేకులు చేసి అమ్మాలనుకుంది. పండుగకు ముందు ఆదివారం కరుణ నన్ను చర్చి మెట్ల పక్కకు తీసుకెళ్లి, అమ్మ హార్వెస్ట్‌కు ఒక కేకు తెస్తుందని, అది మంచి ధర పలికితే ఆమె చేతి రుచి అందరికీ తెలిసి ఆర్డర్లు వస్తాయని, ఆర్డర్లు వస్తేనే ఫీజు కట్టి తను మా బడిలో ఉంటుందని గుసగుసగా చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది. నేను చెప్పలేదు. కానీ అదే వారం డేనియల్ మాస్టారు, ఈసారి హార్వెస్ట్‌లో పిల్లలు కూడా పాడాలని, తక్కువకు మంచి సరుకు తెచ్చినవాళ్లకు జామెట్రీ బాక్సు ఇస్తానని అన్నాడు. ఆయన మనసులో ఉన్నవి పిల్లల కోసం విడిగా పెట్టే జామపండ్లు, చెరుకు ముక్కలు. నా మనసులో అప్పటికే కేకు పడింది.

పండుగనాడు కేకు బల్లమీదికి రాగానే నేను నాన్న చెయ్యి పట్టుకుని, మొదటి పాట నేను పాడతానని బతిమాలాను. బిడ్డకు మంచి బుద్ధి పుట్టిందనుకున్నాడు పాపం, సరేనని తలూపాడు. అందరూ నాన్న వైపు చూశారు. నాన్న నా వైపు చూశాడు. నేను మాస్టారు నేర్పిన మొహం పెట్టుకుని నిలబడ్డాను. వేలం వేసేవాడు రెండుసార్లు అడిగాడు. మూడోసారికి అతని గొంతులో ఇబ్బంది వినబడగానే, షర్బత్‌కని నాన్న ఇచ్చిన నోటు పైకెత్తి "ఐదు రూపాయలు" అన్నాను.

కొందరు ముచ్చటపడి నవ్వారు. పిల్ల పాడింది కదా, ఎవరూ నోరు తెరవలేదు. నాన్న నోరు తెరిచేసరికి పాట ముగిసినట్టు గంట కొట్టేశారు. ఆడవాళ్ల వైపు సలోమి ఆంటీ కొంగు సర్దుకుని, పక్కనున్న కరుణ జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. కరుణ తలెత్తలేదు. నేను కేకు పట్టుకుని మాస్టారి వైపు పరుగెత్తాను, ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, పక్కకు తిరిగాడు.

ఇంట్లో నాన్న కేకు కోసి ఒక ముక్క నా పళ్లెంలో పెట్టి, "గెలిచినవ్ గదా బిడ్డా, తిను" అన్నాడు. తిన్నాను. అంత మంచి కేకు ఆ తర్వాత నేనెక్కడా తినలేదు. అది బాగాలేకపోయి ఉంటే నా బతుకు కొంత తేలికగా ఉండేది.

మర్నాడు నాన్న కాప్రా వెళ్లి పది కేకులు కావాలని అడిగాడు. సలోమి ఆంటీ మంచినీళ్లిచ్చి, కుర్చీ వేసి, నెమ్మదిగా అందట, "మీకైతే ఐదు రూపాయలే గదన్నా." నాన్న ఉత్త చేతులతో వచ్చేశాడు. చర్చిలో ఆ కేకుకు ఐదు రూపాయల కేకు అనే పేరే మిగిలింది. ఒకరిద్దరు జాలిపడి అడిగితే ఆమె చేయనంది. జూన్‌లో బడి తెరిచేసరికి కరుణ రాలేదు. తర్వాతి ఎండాకాలం మాస్టారు సోడా మూతల సంచి తేలేదు. నన్నెవరూ ఒక్క దెబ్బ వేయలేదు, అదే నాకు పడిన శిక్ష.

ఇప్పుడు చర్చిలో వేలం లేదు. ఒక స్టాలు పెట్టి, ప్రతి సరుకు మీదా ధర చీటీ అంటించి, ఫోన్‌తో స్కాన్ చేసి కొనుక్కోమంటున్నారు. ఎవరి చెయ్యీ చిన్నబోదు, ఎవరి గొంతూ లేవదు. డేనియల్ మాస్టారు లేడు, నాన్నా లేడు. రేకుల షెడ్డు ఉన్నచోట కార్లు ఆపుతున్నారు. అమాయకుడనుకున్న నాన్నే నాకు తెలిసినవాళ్లలో వ్యాపారం బాగా అర్థమైనవాడని చెప్పుకోవడానికి నాకు ఆ షామియానా కూడా మిగల్లేదు. మా కంప్యూటర్ ఆట విలువకంటే ఎక్కువ పాడితే నష్టం అని తప్ప ఇంకోలా చూపించదు. మార్చమని ఆ ఆట తయారుచేసిన వాళ్లను ఒకసారి అడిగాను. అది తప్పు కదా మేడమ్ అన్నారు.

పోయిన నెల మల్కాజ్‌గిరి స్టేషన్‌లో కరుణ కనబడింది. నేరేడ్‌మెట్‌లో ఒక చిన్న ఆస్పత్రిలో నర్సుగా చేస్తోందట. జుట్టు నెరిసినా నవ్వు అదే. సలోమి ఆంటీ పోయి మూడేళ్లయిందని చెప్పింది. ఇన్నేళ్లుగా కూడబెట్టుకున్న మాటలు నేను మొదలుపెట్టేలోగా ఆమే నా భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మ నిన్నెప్పుడూ ఏమనలే. నన్ను నేనే తిట్టుకున్న గిన్నేండ్లు. నీకు ముందుగాల ఆ కేకు ముచ్చట చెప్పకపోతే, నీ కన్ను దాని మీద పడకపోతుండె గదా అని."

తప్పు తనదని పదకొండేళ్ల పిల్ల అనుకుంది, నర్సయ్యాక కూడా అనుకుంటూనే ఉంది, నేనేమో ఆ ఆటనే జీతానికి నేర్పుతున్నాను. కాదు కరుణా అని నేను నోరు తెరిచేసరికి బండి వచ్చేసింది. ఆమె చెయ్యి ఊపి జనంలో ఎక్కేసింది.